ఇంటికొచ్చిన పర్ర

తెల్లవారగానే బిగువమ్మ చేసే మొదటి పని చాపను పరీక్షించడం. ముందురోజు అంచు మలిచి ముగించిన చాపను వరండాలోకి తెప్పించేది. రెండు మూలలు కొడుకు, రెండు మూలలు కోడలు పట్టుకుని నిలబడేవారు. చాప మధ్యలో ఆమె గిన్నెడు నీళ్ళు పోసి, లోపలికి వెళ్ళి టీ తాగి వచ్చేది. వచ్చాక వంగి, చాప కింద గచ్చు మీద అరచెయ్యి ఆనించి చూసేది. చెయ్యి పొడిగా ఉంటే చాప బజారుకు వెళ్ళేది. తడిస్తే ఇంటి వాడకానికి ఉండిపోయేది.

"అమ్మా, ఆ టీ ఏదో కాస్త తొందరగా తాగు. చేతులు లాగేస్తున్నాయి" అనేవాడు కొడుకు. అతను పడవ ఇంజన్లు బాగుచేసే మెకానిక్కు.

"ఇంజను ఎత్తే చేతులకి గిన్నెడు నీళ్ళు బరువయ్యాయా?" అనేది ఆమె లోపలి నుంచి, టీని ఇంకాస్త ఊదుకుంటూ.

ఇంటి వాడకానికి మిగిలిన చాపలన్నీ కోడలు అల్లినవే. ఎంతమంది చుట్టాలొచ్చినా ఆ ఇంట్లో పడకకు లోటుండేది కాదు.

బిగువమ్మకు తల్లిదండ్రులు పెట్టిన పేరు వేరే ఉంది. వాడేవాళ్ళు లేక అదెక్కడో జారిపోయింది. బిగువమ్మ అన్నది ఆ ఇంటి పేరులాంటిది. ఆమె అత్తగారిని అలాగే పిలిచేవారు, ఆ అత్తగారి అత్తగారినీ అలాగే పిలిచేవారట. నీళ్ళు కారని చాప అల్లగల ఆడమనిషికి వీధి ఇచ్చిన పేరది. బేరమాడి ఓడిపోయినవాళ్ళు మాత్రం, ఆ పేరు చాపను చూసి పెట్టింది కాదు, మెడను చూసి పెట్టింది అనేవారు. అది విన్నప్పుడు ఆమె మెడ ఇంకాస్త నిటారుగా పెట్టేది.

ఆ పేరు తన తర్వాత ఎవరికి వెళుతుందన్నది కొన్నేళ్ళుగా ఆమెకు నిద్రపట్టనివ్వని సంగతి. కోడలు మెట్ట ప్రాంతం పిల్ల. పుట్టింట్లో ఇటుకల బట్టీ. ఒళ్ళు దాచుకోదు, మాట తేలిక, అత్త కోప్పడితే నవ్వేస్తుంది. కానీ ఆమె చేతుల్లో గడ్డిపోచ నిలిచేది కాదు.

"లాగుతావు. నీకదే జబ్బు" అనేది బిగువమ్మ. "బిగువంటే బలం కాదమ్మాయ్. పోచ ఎంతవరకు వస్తుందో దాన్నే అడగాలి."

"అడుగుతున్నా అత్తయ్యా. అది చెప్పేలోపే తెగిపోతోంది."

గడ్డి కూడా మునుపటిది కాదు, ఆ మాట నిజమే. అది పెరిగేది పర్రలో. వీధి ముందు మట్టిగట్టు ఉంది. గట్టు అవతల నుంచి సముద్రం వరకు, పోటుకు ఉప్పునీరు ఎక్కి పాటుకు దిగిపోయే పచ్చిక నేలంతా పర్రే. నీటి అంచున ఎర్రకాడల మొక్కలు, వాటి వెనక నడుమెత్తు ఉప్పుగడ్డి, మధ్యలో పాముల్లా తిరిగే చిన్న కాలువలు. బిగువమ్మ కొత్తకోడలుగా వచ్చినప్పుడు గట్టు దిగి పది అడుగులు వేస్తే గడ్డి చేతికందేది. ఇప్పుడు కొడవలి పట్టుకుని బయల్దేరితే, గడ్డి కనిపించే సరికి వెనక్కి తిరిగి చూస్తే ఇల్లు కనిపించడం లేదు. దారిపొడవునా నేల తెల్లగా పెచ్చులు కట్టింది. కాలు వేస్తే అప్పడంలా విరుగుతోంది. ఎర్రకాడలు నల్లబడి పుల్లలయ్యాయి. దొరికిన గడ్డి పొట్టిగా, పెళుసుగా, ముట్టుకుంటే వేళ్ళకు ఉప్పు అంటేలా ఉంది. ఒక ఎండాకాలం పోయి ఇంకో ఎండాకాలం వచ్చేసరికి, చాపకు సరిపడా గడ్డి తేవాలంటే రోజంతా తిరగాల్సి వచ్చింది.

పట్నం దారిలో చేపల ప్యాకింగ్ షెడ్డు ఒకటి తెరిచారు. కోడలు వెళ్ళి మాట్లాడి వచ్చింది. వచ్చే నెల మొదట్లో వ్యాను వచ్చి ఎక్కించుకుంటుందన్నారు. బిగువమ్మ ఆ పూట వంటలో ఉప్పు వేయడం మరిచిపోయింది. ఎవరూ అడగలేదు.

ఆ వారంలోనే గడ్డి ఇంటికొచ్చింది.

పొద్దున్నే తలుపు తీసేసరికి మెట్ల దగ్గర ఒక దుబ్బు నిలబడి ఉంది. నిగనిగలాడే పచ్చటి గడ్డి, ఈ మధ్య పర్రలో ఎక్కడా కనిపించనంత ఏపుగా. వేళ్ళకు అడుసు ముద్దగా అంటుకుని ఉంది. గట్టు మీద నుంచి మెట్ల దాకా సన్నటి తడి జాడ ఉంది. దారిలో ఒకటి రెండు చోట్ల ఆగి ఊపిరి తీసుకున్నట్టు చిన్న చిన్న బురద మడుగులున్నాయి.

బిగువమ్మ దాన్ని కిందికీ పైకీ చూసింది. తర్వాత పక్కకు తప్పుకుని దారి ఇచ్చింది.

"లోపలికి రా. కాళ్ళు కడుక్కోనక్కర్లేదులే" అంది.

మర్నాటికి వరండా నిండింది. ఆ తర్వాత ముందుగది. గచ్చు పగుళ్ళలో వేళ్ళు దింపుకుని, బీరువా పక్కన, కుట్టుమిషను కింద, మంచం కోళ్ళ చుట్టూ సర్దుకుని నిలబడింది. ఎవరికీ అడ్డం రాకుండా మధ్యలో నడవడానికి దారి వదిలింది. వీధిలో మిగతా ఇళ్ళకూ ఎంతో కొంత వచ్చింది. టీచరు గారి కిటికీ పక్కన ఎర్రకాడల మొక్కలు నాలుగు చేరి పాఠాలు వింటున్నాయి. పక్కింటి తాళ్ళాయన మాత్రం గుమ్మానికి అడ్డంగా పలక బిగించి, గోడ మీద నుంచి వేడుక చూస్తున్నాడు. అతను నారతాళ్ళు పేనే మనిషి.

"అక్కా, మీ చుట్టాలకి సెలవులు ఎప్పటిదాకా?" అన్నాడు.

"ఊరు చెడిపోయి వచ్చినవాళ్ళని సెలవులెన్నాళ్ళని అడుగుతారా తమ్ముడూ? నీ గుమ్మంలోకి వస్తుందని పలక పెట్టావట."

"నాకు గడ్డితో ఏం పని? నాది నార."

"అందుకే నీ దగ్గరికి రాలేదు. ఎక్కడికి వెళితే మర్యాద దొరుకుతుందో దానికి తెలుసు" అంది బిగువమ్మ. అని, వీధి చివరి వరకు వినిపించేలా ఇంకోసారి అంది.

ఆమెకు లోలోపల గర్వంగానే ఉంది. ఇన్ని ఇళ్ళుండగా దుబ్బులకు దుబ్బులు తన ఇంటికే వచ్చాయి. పర్ర మొత్తంలో మిగిలిన మేలురకం గడ్డి అంతా ఇప్పుడు తన కప్పు కింద ఉంది. ఒక్క చిక్కు మాత్రం ఉంది. దాన్ని కోయడానికి లేదు.

కొడుకు ఆ మాట ముందుగా అన్నాడు. "అమ్మా, ఇక ఎండలో తిరగక్కర్లేదు కదా. మంచం మీద కూర్చునే కోసుకోవచ్చు."

బిగువమ్మ కొడవలిని తీసుకెళ్ళి అటక మీద పెట్టి వచ్చింది. "గట్టు అవతల ఉన్నప్పుడు అది గడ్డి. గుమ్మం దాటి లోపలికి వచ్చాక చుట్టం. చుట్టం మీద కొడవలి వేసిన ఇల్లని మనకి పేరు రావాలా?"

దాంతో ఆ ఇంట్లో విచిత్రమైన పరిస్థితి ఏర్పడింది. ఊరిలోకెల్లా మంచి చాపలల్లే మనిషి, ఊరిలోకెల్లా మంచి గడ్డి మధ్య కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని గోడకేసి చూస్తూ ఉంది. కొడుకు రోజూ ఉప్పుకాలువ నుంచి డబ్బాలతో నీళ్ళు మోసుకొచ్చి ఇల్లంతా పోసి, కాసేపాగి చీపురుతో బయటికి తోసేవాడు. పోటు వేళ రోజూ కాస్త ఆలస్యమవుతుంది కాబట్టి చుట్టాల భోజనవేళ కూడా జరుగుతూ పోయేది. ఆ వేళకే ఇంటివాళ్ళ భోజనాలూ జరిగేవి. సాయంత్రం నాలుగింటికి మధ్యాహ్న భోజనం చేస్తూ కూడా ఎవరూ విసుక్కోలేదు.

కోడలికి మొదట ఒక ఉపాయం తోచింది. "అత్తయ్యా, వెనక దొడ్లో అంత మంచి నేలుంది కదా. అక్కడ నాటితే?"

ఆ దొడ్డి గురించి చెప్పాలి. గట్టు పక్క వీధి కాబట్టి అక్కడ ప్రతి ఇంటి వెనకా చవుడు నేలే. బిగువమ్మ దొడ్డి ఒక్కటే తీపి నేల. అది దానంతటది తీపి కాలేదు. పోయిన ఆమె భర్త ఏటేటా వానాకాలంలో చిన్న చిన్న మడులు కట్టి, వాననీటిని నిలబెట్టి, ఉప్పును కరిగించి, పక్క కాలువలోంచి బయటికి పంపేవాడు. ఎండాకాలంలో ఆకులూ పేడా వేసి తిరగేసేవాడు. మొదటి ఏళ్ళలో ఏమీ మొలవలేదు. వీధి నవ్వింది. చివరికి ఒక సొరపాదు పట్టింది. ఆ మొదటి కాయను అతను కోయకుండా, చూడటానికి వచ్చినవాళ్ళందరికీ చూపించి, ముదిరిపోయాక విత్తనానికి ఉంచాడు. ఇప్పుడు అక్కడ సొర, బీర, టమాటా, చిక్కుడు అన్నీ కాస్తున్నాయి. దొడ్డికి మూడు వైపులా నడుమెత్తు మట్టికట్ట ఉంది. అదీ అతను పోసిందే.

కోడలు ఒక చిన్న దుబ్బును బతిమాలి తీసుకెళ్ళి దొడ్లో నాటింది. రెండు రోజులు బాగానే ఉంది. మూడోనాటికి రంగు పాలిపోయింది. తీపి నేలలో కలుపు దానికంటే ముందు లేచింది, సొరతీగ వచ్చి మెడకు చుట్టుకుంది. నాలుగో రోజు పొద్దున వంటింటి గడప మీద ఆ దుబ్బు వాలిపోయి పడుకుని ఉంది. కోడలు దానికి ఉప్పునీళ్ళు పోసి, చాలాసేపు పక్కనే కూర్చుంది.

ఆ నెల మధ్యలో గట్టు ఇంజనీరు వచ్చింది. చిన్న వయసు పిల్ల, భుజాన కొలతల సంచి, బూట్లకు మోకాళ్ళ దాకా బురద. మట్టిగట్టు తీసేసి దాని స్థానంలో కాంక్రీటు గోడ కట్టబోతున్నారని, కొలతలకు వచ్చానని చెప్పింది. ముందుగదిలోకి అడుగుపెట్టబోయి, గడ్డిని చూసి, బూట్లు విప్పి మెట్ల మీద పెట్టింది. "కాస్త జరుగమ్మా" అని ఒక దుబ్బును అడిగి, అది జరిగాక చాప మీద కూర్చుంది.

"చాప బాగుంది" అంది.

"అది బాగాలేని చాప. ఇంటి వాడకానిది" అంది బిగువమ్మ. లోపల టీ పెడుతున్న కోడలు కిసుక్కున నవ్వింది.

బిగువమ్మ అడగాలనుకున్నది అడిగింది. "పర్ర ఉప్పు వల్ల చచ్చిపోతోంది అంటున్నారు అందరూ. ఉప్పులో పుట్టి ఉప్పులో పెరిగింది ఉప్పుకి ఎందుకు చస్తుందమ్మాయ్? నాకది అర్థం కాలేదు."

"వచ్చిపోయే ఉప్పు దానికి బాగానే ఉంటుందమ్మా. నిలవ ఉప్పు పడదు" అంది ఇంజనీరు. "రోడ్డు వేసినప్పుడు కాలువ సముద్రంలో కలిసే మొగ ఇరుకు చేశారు. పెద్ద పోటుకి నీళ్ళు ఎలాగో లోపలికొస్తాయి. తిరిగి పోలేక గుంటల్లో ఉండిపోతాయి. ఎండకి నీళ్ళు పోతాయి, ఉప్పు మిగులుతుంది. మళ్ళీ వస్తాయి, ఇంకాస్త ఉప్పు. అలా పేరుకుంటూ ఉంది. ఆ పక్క నుంచి సముద్రం కోసుకుంటూ వస్తోంది. మామూలుగా అయితే పర్ర మెల్లగా ఎగువకి జరిగేది. జరుగుదామంటే ఈ పక్క గట్టు. మధ్యలో అదెక్కడికి పోతుంది?"

"మా ఇంటికొచ్చింది" అంది బిగువమ్మ.

"అవును. చూస్తున్నాగా."

"గోడ కట్టాక?"

ఇంజనీరు టీ గ్లాసు కింద పెట్టింది. "గోడ కట్టాక అవతలున్నది అవతలే పోతుంది. ఇవతలున్నది ఎన్నాళ్ళని డబ్బాల నీళ్ళతో బతుకుతుంది? మొగ వెడల్పు చేయమని నేను రాశాను. అది వేరే ఆఫీసు పని, ఎప్పటికవుతుందో నేను చెప్పలేను. నా చేతిలో ఉన్నది ఒకటే." లేచి వెనక తలుపు దగ్గరికి వెళ్ళి దొడ్డి వైపు చూసింది. "మీ ఇంటి పక్క సందు దగ్గర గోడకి దారి వదలగలను. అక్కడి నుంచి పోటు మీ దొడ్లోకి వస్తుంది, పాటుకి వెళ్ళిపోతుంది. మూడు పక్కలా కట్ట ఉండనే ఉంది, వీధికి ప్రమాదం లేదు. ఈ వీధిలో వాలూ కట్టా రెండూ ఉన్న నేల ఇదొక్కటే. ఆ తర్వాత ఇక్కడ కూరగాయలు కాయవమ్మా. ఎప్పటికీ. ఆ సంగతి దాచకుండా చెబుతున్నా."

బిగువమ్మ మెడ నిటారుగా అయింది. "ఇది ఆయన తీపి చేసిన నేల" అంది. "గోడ నీ ఇష్టం వచ్చినట్టు కట్టుకో."

ఇంజనీరు బూట్లు వేసుకుంటూ, కొలతలు పూర్తయ్యేదాకా గట్టు మీదే ఉంటానని మాత్రం చెప్పి వెళ్ళింది.

ఆ సాయంత్రం తాళ్ళాయన గోడ మీద నుంచి, "బాగా చెప్పావక్కా. తీపి నేలని ఉప్పుకి ఇస్తారా ఎవరైనా?" అన్నాడు. తనతో అతను ఏకీభవించడం బిగువమ్మకు ఎందుకో నచ్చలేదు.

షెడ్డు వ్యాను రావడానికి ఇక ఎంతో సమయం లేదు. కోడలు టిఫిను డబ్బా ఒకటి, చేతులకు రబ్బరు తొడుగులు కొనుక్కుంది. మధ్యాహ్నాలు పని లేక, తన మంచం చుట్టూ ఉన్న గడ్డి మధ్య నేల మీద కూర్చుని ఫోనులో పుట్టింటివాళ్ళతో మాట్లాడేది. మాట్లాడుతూ, ఇంటికొచ్చిన ఆడపిల్లకు జడ వేసినట్టు, పక్కనున్న పోచలను మూడేసి పాయలు తీసి అల్లుతూ ఉండేది. కోయడం లేదు కాబట్టి అందులో తప్పేమీ లేదు. గడ్డికి కూడా అది నచ్చినట్టే ఉంది, ఆమె కూర్చోగానే దుబ్బులు తలలు వంచి ముందుకు వచ్చేవి. మొదట్లో ఆమె అలవాటుకొద్దీ లాగేది. ఎండిన పోచ అయితే తెగేది. బతికున్న పోచ తెగలేదు, చాలనిపించిన చోట వేళ్ళలోంచి వెనక్కి లాక్కుంది. ఆమె ఇంకోసారి లాగింది, అది ఇంకోసారి వెనక్కి లాక్కుంది. పుట్టింటి కబుర్లు సాగుతూనే ఉన్నాయి. నాలుగు రోజులు గడిచేసరికి చేతులు లాగడం మానేశాయి. ఆ సంగతి చేతుల మనిషికి తెలియదు.

ఒకరోజు కోడలు కాలువ నుంచి నీళ్ళు తేవడానికి వెళ్ళినప్పుడు బిగువమ్మ ఆ గదిలోకి ఊడ్చడానికి వెళ్ళింది. మంచం పక్క గడ్డి ఇటు దుబ్బు అటు దుబ్బుతో కలిసిపోయి ఉంది. జడలు జడలుగా మొదలై, తర్వాత అడ్డంగా నిలువుగా అల్లుకుపోయి, వేళ్ళు నేలలోనే ఉండగా, మోకాలి ఎత్తున ఒక పచ్చటి చాప గాలిలో పరుచుకుని ఉంది. మూల నుంచి మూలకు కన్ను తిప్పింది. ఒక్క చోట కూడా వెలుతురు కనిపించలేదు.

ఆమె చీపురు గోడకు ఆనించింది. వంటింట్లోకి వెళ్ళి గిన్నెడు నీళ్ళు తెచ్చి మధ్యలో పోసింది. టీ పెట్టుకుంది. తాగింది. గ్లాసు కడిగి బోర్లించింది. అప్పుడు తిరిగి వచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని, ఆ పచ్చటి చాప కింద గచ్చు మీద అరచెయ్యి ఆనించింది.

చెయ్యి పొడిగానే ఉంది. ఆమె చెయ్యి తిప్పి చూసుకుంది. వెనక్కి తిప్పి ఇంకోసారి ఆనించింది.

కోడలు నీళ్ళడబ్బాలతో వచ్చేసరికి అత్త వెనక దొడ్లో కట్ట మీద కూర్చుని ఉంది. సొరపందిరి వైపు చూస్తోంది.

"ఏంటత్తయ్యా, ఎండలో కూర్చున్నారు?"

"ఏం లేదు. మీ మావయ్యతో ఒక మాట మాట్లాడాల్సి వచ్చింది" అంది బిగువమ్మ. "మాట్లాడేశాను. వెళ్ళి ఆ ఇంజనీరమ్మాయి గట్టు మీద ఉందేమో చూసి పిలుచుకురా."

ఇంజనీరుతో ఆమె ఎక్కువ చెప్పలేదు. "ఆయన ఉప్పుని పొమ్మన్నాడు, పోయింది. నేను రమ్మంటున్నా, వస్తుంది. రెండూ ఈ ఇంటి పనులే. నీ గోడకి దారి వదిలెయ్. ఎక్కడ సంతకం పెట్టాలో చెప్పు."

ఆఖరి కాపు మొత్తం ఆమె తనే కోసింది. బుట్టలో పెట్టుకుని వీధి ఈ చివర నుంచి ఆ చివరికి ఇల్లిల్లూ తిరిగి పంచింది. "రుచి గుర్తుపెట్టుకోండి. మళ్ళీ దొరకదు" అని ప్రతి గుమ్మంలోనూ చెప్పింది, సాయం అడుగుతున్నట్టు కాదు, బహుమతి ప్రకటిస్తున్నట్టు. తాళ్ళాయన గుమ్మంలో పలక ఇంకా ఉంది. దాని మీద నుంచి పెద్ద సొరకాయ అందించింది.

"అక్కా, నీకేమైనా మతి పోయిందా? బావ ఎంత కష్టపడ్డాడు ఆ నేల మీద?"

"ఆయన కష్టపడి చేశాడు కాబట్టే ఇవ్వడానికి నా దగ్గర ఏదో ఒకటుంది తమ్ముడూ. నీ దగ్గరేముంది ఇవ్వడానికి, ఆ పలక తప్ప?"

తాళ్ళాయన సొరకాయ తీసుకుని లోపలికి వెళ్ళాడు. ఆ సాయంత్రం అతని గుమ్మం నుంచి మేకులు ఊడదీస్తున్న చప్పుడు వినిపించింది.

గట్టు తెగిన రోజు పొద్దున వీధి వీధంతా సందు మొదట్లో నిలబడింది. కూలీలు వచ్చి ఉన్నారు. మొదటి దెబ్బ మాత్రం బిగువమ్మే వేసింది, భర్త వాడిన పారతోనే. మిగతాది వాళ్ళు తవ్వేసరికి పోటు వేళయింది. నీళ్ళు తొందరపడలేదు. సందులో మొదట ఒక తడి గీత కనిపించింది, తర్వాత ఒక పాయ, తర్వాత చీలమండ లోతు. దొడ్లోకి చేరి, అతను కట్టిన మడుల గీతల వెంటే తిరిగి, ఒక్కొక్కటి నింపుకుంటూ సొరపందిరి గుంజలను తాకింది. అతని మడులు ఉప్పును బయటికి పంపడానికి కట్టినవి. లోపలికి వచ్చిన నీటినీ అవే సమానంగా పంచాయి.

అప్పుడు ఇంట్లో గడ్డి కదిలింది. గచ్చు పగుళ్ళలోంచి వేళ్ళు ఒక్కొక్కటే పైకి తీసుకుంది. కుట్టుమిషను కింది దుబ్బులు ముందుగా, బీరువా పక్కవి తర్వాత, వంటింట్లోంచి వరసగా వెనక మెట్లు దిగాయి. వంటింటి గడప మీద వాలిన చిన్న దుబ్బును రెండు పెద్ద దుబ్బులు మధ్యలో ఉంచుకుని నడిపించాయి. టీచరు గారి కిటికీ దగ్గరి ఎర్రకాడలు సందులోంచి వచ్చి చేరాయి. పర్రలో నుంచి, చనిపోయిందనుకున్న వైపు నుంచి కూడా కొన్ని వచ్చాయి, నీరసంగా, ఆగి ఆగి. తాళ్ళాయన వాటికి దారి ఇస్తూ గోడకు అతుక్కుని నిలబడ్డాడు.

"మెల్లగా. నేల ఎక్కడికీ పోదు" అని చెబుతున్నాడు వాటికి.

పాటు వేళకు నీళ్ళు వచ్చిన దారినే వెళ్ళిపోయాయి. దొడ్డి నిండా గడ్డి నిలబడి ఉంది. పల్లంలో ఎర్రకాడలు, వాటి పైన ఉప్పుగడ్డి, పర్రలో ఒకప్పుడు ఉన్న వరసలోనే.

ఇల్లు ఖాళీ అయింది. కోడలు తడి గచ్చు తుడవడానికి తన గదిలోకి వెళ్ళి, "అత్తయ్యా" అని పిలిచింది. మంచం పక్కన నేల మీద ఒక చాప ఉంది. దుబ్బులు వెళుతూ వెళుతూ ఆ అల్లికను తమంతట తాము వదిలి వెళ్ళాయి. పోచలు మొదళ్ళ దగ్గర కొడవలి తగలకుండానే విడివడి, అప్పుడే ఎండి, లేత బంగారు రంగుకు తిరిగాయి.

"ఎవరల్లారిది?" అంది కోడలు.

"అల్లినవాళ్ళకే తెలియకపోతే నాకేం తెలుస్తుంది?" అంది బిగువమ్మ. "అంచు మలచలేదు. కూర్చుని మలుచు."

మర్నాడు పొద్దున షెడ్డు వ్యాను వచ్చి హారను కొట్టింది. కోడలు వరండాలో చాప రెండు మూలలు పట్టుకుని నిలబడి ఉంది. మిగతా రెండు మూలలు కొడుకు చేతిలో ఉన్నాయి. బిగువమ్మ నీళ్ళు పోసి లోపలికి వెళ్ళి అప్పటికే చాలాసేపైంది.

"అమ్మా, టీ!" అన్నాడు కొడుకు.

"రెండో గ్లాసు తాగుతున్నా" అని జవాబొచ్చింది.

డ్రైవరు మెట్ల దాకా వచ్చాడు. "కొత్తగా చేరేది ఈ ఇంట్లోవాళ్ళేనా? ఎక్కాలి, టైమైంది."

కోడలు చాప వదల్లేక అత్త వచ్చే గుమ్మం వైపు చూసింది. బిగువమ్మ తీరిగ్గా వచ్చింది. వంగింది. అరచెయ్యి ఆనించింది. లేచి, ఆ చేతిని ముందు డ్రైవరుకు, తర్వాత కోడలికి చూపించింది.

"నువ్వు వెళతానంటే వెళ్ళమ్మాయ్, నేనాపను" అంది. "చాప మాత్రం బజారుకు వెళుతుంది."

కోడలు చాప మీది నీళ్ళు వంపేసి, దాన్ని బజారుకు చుట్టడం మొదలుపెట్టింది. వ్యాను ఇంకోసారి హారను కొట్టి, ఎవరూ రాకపోయేసరికి వెళ్ళిపోయింది. రబ్బరు తొడుగులు తర్వాత కొడుకు ఇంజను పనికి తీసుకున్నాడు.

వానలు వెళ్ళేసరికి దొడ్లో గడ్డి ఒత్తుగా దుబ్బు కట్టింది. నేల ఎప్పుడూ తెల్లబడలేదు. వచ్చిన ఉప్పు వచ్చినట్టే వెళుతోంది. కొంగలు వస్తున్నాయి, పీతలు బొరియలు చేస్తున్నాయి. అటూ ఇటూ ఇళ్ళవాళ్ళు కూడా ఇంజనీరును పిలిచి తమ దొడ్ల వాలు చూపిస్తున్నారు. కోత కాలం రాగానే బిగువమ్మ అటక మీద నుంచి కొడవలి దించి, కోడలి ముందు పెట్టింది.

కోడలు ముట్టుకోలేదు. "చుట్టం కదా అత్తయ్యా?"

"గచ్చు మీద నిలబడినన్నాళ్ళు చుట్టం. ఇప్పుడు దాని నేలలో అదుంది. అది మన ఇంటి మనిషి. ఇంటి మనిషన్నాక ఇంటి పనిలో చెయ్యి వెయ్యాలి" అంది బిగువమ్మ. "మొదలు వదిలి కొయ్యి. ఎంతవరకు ఇస్తుందో దాన్నే అడుగు."

ఆ తర్వాత కొన్నాళ్ళకు దూరం ఊరి నుంచి ఒక జంట చాపల కోసం వెతుక్కుంటూ వచ్చారు. కొత్త కాంక్రీటు గోడ వెంట నడిచి, గోడకు దారి వదిలిన చోట ఆగి, సందులోంచి లోపలికి పారుతున్న పోటును కాసేపు చూశారు. వరండాలో ఒక పెద్దావిడ గోడకు చేరగిలబడి, మెడ నిటారుగా పెట్టుకుని, టీ తాగుతోంది.

"అమ్మా, బిగువమ్మ గారిల్లు ఇదేనా?" అని అడిగారు.

ఆమె గ్లాసు పక్కన పెట్టింది. వెనక తలుపు తెరిచి ఉంది. అందులోంచి చూస్తే మోకాలి లోతు నీళ్ళలో కొడవలితో వంగి, గడ్డితో ఏదో మాట్లాడుతున్న ఒక ఆడమనిషి వీపు కనిపిస్తోంది.

"ఇదే" అందామె. "బిగువమ్మ దొడ్లో పనిలో ఉంది. పోటు దిగగానే వస్తుంది. కూర్చోండి, టీ తాగుదురు గాని."